సాక్ష్యానికి నిలబడలేని రోజులు

ఒంగోలు,
ఆదివారం సాయంత్రం.

నా ప్రియమైన అమ్మలూ,



నువ్వు వాట్సాప్‌లో పంపిందంతా చదివాను. ఫోన్ చేసి మాట్లాడేదాన్నే. కానీ ఫోన్‌లో విన్న మాట పెట్టేయగానే పోతుంది. నైట్ డ్యూటీ దిగి గదికొచ్చాక నిద్ర పట్టకపోతే మళ్ళీ తీసి చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

బాప్తిస్మం తీసుకున్న కొత్తలో మోకరిస్తే లేవబుద్ధి అయ్యేది కాదన్నావు. యూత్ రిట్రీట్‌లో పాట మొదలవగానే కన్నీళ్ళు వచ్చేవన్నావు. ఇప్పుడు బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయే గాని లోపలికి ఏమీ దిగడం లేదు. ఆరాధనలో పెదవులే పాడుతున్నాయి. హాస్టల్‌లో ఒకమ్మాయి నీలో దాచుకున్న పాపమేదో ఉందంది. ఇంకొకామె ఇరవై ఒక్క రోజులు ఉపవాసం పట్టమంది. చివర్లో అడిగావు: దేవుడు నన్ను వదిలేశాడా పెద్దమ్మా, లేక నేనే ఆయన్ని వదిలేశానా అని.

రెండూ కాదు తల్లీ. వదిలేసినవాళ్ళకి ఈ ప్రశ్న రాదు. డ్యూటీ మధ్యలో కూర్చుని అంత పొడుగు మెసేజ్ టైపు చేయించింది విశ్వాసమే. అది చచ్చిపోలేదు, అలసిపోయింది.

మన సంఘాల్లో సాక్ష్యం ఎప్పుడు చెబుతారో గమనించావా? జబ్బు నయమయ్యాక, ఉద్యోగం వచ్చాక, కొడుకు తాగుడు మానాక. కృతజ్ఞత కూడిక పెట్టుకుని, పదిమందికీ భోజనాలు పెట్టి, అప్పుడు మైకు పట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మేలు పొందినవాళ్ళు నోరు తెరిచి చెప్పాల్సిందే. కానీ ఇంకా జవాబు రానివాళ్ళు మైకు దగ్గరికి రారు. వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం అవగానే చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ మాట సంఘం చెవిన పడదు. అందుకే నీలాంటి పిల్లలకి విశ్వాస జీవితమంటే మొదట ఏడుపు, చివర జయం అన్నట్టే కనిపిస్తుంది. ఆ రెంటికీ నడుమ పొడుగాటి కాలం ఒకటి ఉంటుందనీ, విశ్వాసుల్లో చాలామంది ఎక్కువ కాలం గడిపేది అక్కడేననీ నీకు చెప్పినవాళ్ళు లేరు. టీవీలో, యూట్యూబ్‌లో వచ్చే ప్రసంగాలైతే మరీను. వింటున్నంతసేపూ ఈ వారమే నీ అద్భుతం అంటారు. ఆ వారం గడిచిపోయాక ఇంటి దగ్గర మిగిలిపోయినవాళ్ళ సంగతి పట్టించుకోరు.

బైబిల్ అలా చేయలేదు. నడిమధ్యలో ఉన్నవాళ్ళని కూడా నిలబెట్టి మాట్లాడించింది. 88వ కీర్తన తీసి చూడు. హేమాను పేరున ఉంటుంది. మొదట్లో దేవుణ్ణి రక్షణకర్త అని పిలుస్తాడు. అంతే, ఆ తర్వాత మెచ్చుకోలు మాటే లేదు. రాత్రీ పగలూ మొరపెడుతున్నా జవాబు లేదంటాడు, స్నేహితుల్ని దూరం చేశావంటాడు, నీ ముఖం ఎందుకు దాచుకుంటున్నావని నిలదీస్తాడు. 13వ కీర్తనలోనూ దావీదు ఎంతకాలమని నాలుగుసార్లు అడుగుతాడు గాని, ఆఖరికి పాట పాడతాననే మాటకి వచ్చేస్తాడు. హేమాను రాడు. ఆ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవాళ్ళు చివర్లో ఒక స్తోత్రం కలిపి సర్దేయొచ్చు. సర్దలేదు. పైగా ప్రధాన గాయకునికి అని పైన రాసి ఉంది చూడు. అంటే ఒంటరిగా మూలన ఏడ్చుకోవడానికి కాదు, సమాజంలో పాడటానికే ఇచ్చారు. నీకున్న స్థితికి దేవుని మందిరంలో మూడు వేల ఏళ్ళ నాటి చోటు ఉందమ్మా. నువ్వు బయటివ్యక్తివి కావు.

యేసుప్రభువు సంగతే తీసుకో. గెత్సేమనేలో మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు. రోజూ అదే ప్రార్థన, కొత్త మాట రావడం లేదని నువ్వు సిగ్గుపడ్డావు కదా, అందుకని చెబుతున్నాను. సిలువ మీద ఆయన వేసిన కేక 22వ కీర్తన మొదటి మాట. ప్రాణం పోయే వేళ ఆయన కూడా చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన కీర్తననే పట్టుకున్నాడు. నీకు సొంత మాట రాని రోజున కీర్తన పైకి చదివి ఆమేన్ అని లే. అది తక్కువ ప్రార్థన కాదు.

మన ఊరి ప్రార్థన కొండ గుర్తుందా? చిన్నప్పుడు జనవరి ఒకటిన తెల్లవారుజామున నిద్రకళ్ళతో నా చెయ్యి పట్టుకుని ఎక్కేదానివి. ఆ కథ నువ్వు సండే స్కూల్లో వినే ఉంటావు. 1854లో అదే తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ మీద మోకరించారు. ఒంగోలుకి సువార్త చెప్పేవాళ్ళని పంపమని అడిగారు. సండే స్కూల్లో టీచర్లు అక్కడినుంచి ఒక్క దూకున 1878 జులై 3కి వచ్చేస్తారు. గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం. పిల్లలకి ఆ అంకె బాగా నచ్చుతుంది, గుర్తుంటుంది.

నేను నీకు చెప్పాలనుకున్నది ఆ అంకె కాదు. దూకేసిన ఆ నడిమి ఏళ్ళ సంగతి. శామ్యూల్ డే దొర తెలుగువాళ్ళ కోసమని ఇండియాకి వచ్చింది 1836లో. నెల్లూరు చేరింది 1840లో. ఆరోగ్యం పాడై ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడుస్తున్నా సంఘంలో చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఈ పని మూసేద్దామా అని అమెరికాలో మిషన్ పెద్దలు ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ చర్చకు పెట్టారు. 1853లో ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో కూడా అదే మాట వచ్చింది. మిషన్ పటం మీద ఈ వైపున నెల్లూరు ఒక్కటే చుక్క. ఒంటరి నక్షత్రమని దానికి పేరు పడింది. మరుసటి ఏడాదే కొండ మీద ఆ ప్రార్థన. ప్రార్థించి దిగినవాళ్ళకి ఏం కనిపించింది? ఏమీ కనిపించలేదు. 1855 గడిచింది, 1860 గడిచింది. పని ఆపేద్దామన్న మాట మళ్ళీ వచ్చింది. ఎవరూ రాకపోతే నేనొక్కడినైనా తిరిగి వెళ్తానన్నాడు అప్పుడు అమెరికాలో ఉన్న జ్యూయెట్. మరో మిషనరీ క్లౌ దొర ఈ దేశంలో దిగింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది ఆ మరుసటి ఏడు. 1867 జనవరి ఒకటిన ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది.

కొండ మీద ప్రార్థనకీ క్లౌ ఒంగోలు రావడానికీ నడుమ పన్నెండేళ్ళలో ఒక మామూలు మంగళవారం తలుచుకో. జ్యూయెట్ నెల్లూరులో లేచాడు, వాక్యం చెప్పాడు, తెలుగు బైబిల్ పని చేసుకున్నాడు, పడుకున్నాడు. రిపోర్టులో రాయడానికేమీ లేదు. ముందు 2,222 అనే అంకె ఉందని అతనికి తెలియదు. తెలిసుంటే ఆ ఓర్పుకి విలువేముంది? కొండ మీద ఆయనతో మోకరించిన మన తెలుగువాళ్ళ గురించి పుస్తకాల్లో చాలా తక్కువ ఉంది. వాళ్ళ రోజులు ఇంకెంత మామూలుగా గడిచుంటాయో. ఒంగోలులో పుట్టిన విశ్వాసులమంతా ఆ మామూలు మంగళవారాల మీద నిలబడ్డాం. పండగనాడు మనం ఆ మాట చెప్పుకోం.

ఇంకో సంగతి కూడా ఉంది. 1876 నుంచి 78 దాకా కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. బాప్తిస్మమివ్వమని జనం వచ్చి అడుగుతుంటే ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారనే మాట వాళ్ళమీద పడకూడదని, వాళ్ళ మనసు నిలకడ చూడాలని ఆపాడు. ఆ నిరీక్షణ వాళ్ళనెవరో వద్దన్నందువల్ల వచ్చింది కాదు. నీ విషయంలో ప్రభువు ఆలస్యం కూడా నిన్ను తోసేయడమని అనుకోవద్దు.

మనది బాప్టిస్టు సంఘమైనా మదర్ థెరిసా మాట చెప్పకుండా ఉండలేను. మన నర్సింగ్ వృత్తికి ఆవిడ దగ్గరి మనిషి. 1946 సెప్టెంబరులో డార్జిలింగ్ రైల్లో ఆవిడకి పిలుపు స్పష్టంగా వినబడింది. బీదల మధ్య పని మొదలుపెట్టాక ఆ సన్నిధి అనుభవం పోయింది. కొంచెం వెలుగు ఎప్పుడో వచ్చి పోయినా, దాదాపు యాభై ఏళ్ళు, 1997లో కన్నుమూసేదాకా, లోపల చీకటే. తన ఆత్మీయ సలహాదారులకి ఆ సంగతి ఉత్తరాల్లో రాసుకుంది. కాల్చేయమంది కూడా. వాళ్ళు దాచారు, 2007లో అవి పుస్తకంగా వచ్చాయి. అప్పుడు కొందరు ఆవిడకి విశ్వాసమే లేదన్నారు. నాకు అలా అనిపించలేదు. కాళీఘాట్‌లో చనిపోతున్నవాళ్ళని ఒళ్ళు తుడిచి పడుకోబెట్టిన చేతులవి. అన్నేళ్ళూ తెల్లవారకముందే లేచి ప్రార్థనకి కూర్చున్న మనిషికి విశ్వాసం లేదని నేననలేను. నీ చీకటి అంతకాలం ఉంటుందని కాదు, భయపడకు. ఏమీ అనిపించకపోయినా మనిషి ప్రభువుని వెంబడించగలడని చెప్పడానికి రాశాను.

ఇప్పుడు పెద్దమ్మగా కాదు, రిటైరైన స్టాఫ్ నర్సుగా కొన్ని మాటలు. ఉపవాసం వద్దు. వరుసగా నైట్ డ్యూటీలు చేస్తూ, పగలు హాస్టల్ గోలలో సరిగా నిద్రపోకుండా, పైన ఉపవాసం కూడా పడితే నువ్వు ఐసీయూలో పడిపోతావు, నీ చేతిలో రోగులకి కూడా ప్రమాదం. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదువు. కర్మెలు కొండ మీద అంత జయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరించిందని పారిపోయాడు. తనతో ఉన్న దాసుణ్ణి బెయేర్షెబాలో వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి పోయి, బదరీచెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు, నీ విశ్వాసమేమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి ఉన్నాయి. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణముందన్నాడు. హోరేబు కొండ, అక్కడ దేవుని మెల్లని స్వరం, అన్నీ ఆ తర్వాతే. మొదట అన్నం, నిద్ర.

కాబట్టి ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకో. ఆడపిల్లలు పైకి చెప్పుకోని నీరసాన్ని ఆత్మీయ నీరసమనుకుంటారు. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. ఇంకొకటి, దాపరికం లేకుండా చెప్పాలి: బతకాలనిపించడం లేదనే ఆలోచన గనక ఎప్పుడైనా వస్తే, ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి చెయ్యి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళు. షుగరు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు మనసుకి వేసుకునే మాత్రా కాదు. ప్రార్థన చేస్తే చాలు, మందు అక్కర్లేదనేవాళ్ళ మాట వినకు. వాళ్ళెంత భక్తిపరులైనా సరే.

దాచిన పాపం సంగతి. ఆ అమ్మాయి మాట నిన్ను ఎక్కువ బాధపెట్టిందని అర్థమైంది. నీ మనసు పరీక్షించుకో, అందులో నష్టం లేదు. ఎవరికైనా అబద్ధం చెప్పావా, ఎవరిమీదైనా కక్ష పెట్టుకున్నావా, తిరిగి ఇవ్వాల్సిందేదైనా ఉందా? ఉంటే ప్రభువు దగ్గర ఒప్పుకో, సరిచేసుకో, అక్కడితో ముగించు. పరిశుద్ధాత్ముడు ఒప్పించేటప్పుడు ఇదీ అని చూపిస్తాడు, క్షమాపణకి దారి కూడా చూపిస్తాడు. పేరూ ఊరూ లేకుండా నువ్వు పనికిరావు, నువ్వు చెడ్డదానివి అని లోపల తిరుగుతూ ఉండేది ఆయన స్వరం కాదు. యోబు స్నేహితులు కూడా అలాంటి మాటలే చాలా అధ్యాయాలపాటు చెప్పారు. చివరికి దేవుడు కోపపడింది యోబు మీద కాదు, వాళ్ళ మీద.

వాక్యం ఎక్కడం లేదన్నావు. ముక్కు గుండా వేసిన రైల్స్ ట్యూబ్‌తో పాలు పోస్తాం చూడు, ఆ రోగికి రుచి తెలుస్తుందా? ఒంటికి బలం మాత్రం అందుతుంది. రుచి తెలియని రోజుల్లో కూడా చదువు. ఎక్కువొద్దు. సువార్తల్లో ఒక పేరా, ఒక కీర్తన. డ్యూటీకి బట్టలు మార్చుకునే ముందు పరలోక ప్రార్థన నిలబడే చెప్పుకో. గంటసేపు ప్రార్థించేదాన్ననే పాత లెక్క తీసి ఇప్పటిదానితో పోల్చుకోవద్దు. ఒక రోజు తప్పితే మర్నాడు మొదలుపెట్టు, తప్పినదానికి అపరాధపు లెక్కలు రాసుకోవద్దు.

మీ పెదనాన్న పోయాక నేనూ అలాంటి కాలంలోనే ఉన్నాను. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ఆయన మంచమే కనిపించేది. స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ సాయంత్రాలు వచ్చేది. ఓదార్చేది కాదు, ఇది దేవుని చిత్తమని చెప్పేది కాదు. ఒక కీర్తన చదివి, నాలుగు మాటలు ప్రార్థించి, టీ తాగి వెళ్ళేది. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చినప్పుడు యేసు వాళ్ళ విశ్వాసం చూశాడని మార్కు రాస్తాడు కదా. ఆ నెలల్లో ఆవిడ విశ్వాసమే నన్ను మోసింది. ఫలానా రోజున చీకటి పోయిందని నేను చెప్పలేను. పాత సంతోషం పాత రూపంలో తిరిగి రాలేదు కూడా. వచ్చింది వేరే. దేవుడు ఉన్నాడా అని నా మనసుని రోజూ అడిగే అలవాటు తగ్గింది. వార్డులో ఏడుస్తున్నవాళ్ళ పక్కన మాట్లాడకుండా కూర్చోవడం వచ్చింది. ఎదుగుదలంటే ఇదేనేమో అనుకుంటాను.

ఏలీయాకి దేవుడిచ్చిన మందులో ఎలీషా కూడా ఉన్నాడు గుర్తుంచుకో. దాసుణ్ణి వదిలేసి ఒంటరిగా వచ్చిన మనిషికి తోడుని చూపించి పంపాడు. నువ్వు కూడా ఒకరిని చూసుకో. ఉపదేశం చేసేవాళ్ళు కాదు, నోరు మూసుకుని వినగలిగినవాళ్ళు. మీ సంఘంలో అయ్యగారి భార్య నిదానస్తురాలని మీ అమ్మ చెప్పింది. ఆమెకి నువ్వు నాకు రాసిందే చూపించు. హాస్టల్‌లో ఆ అమ్మాయితో గొడవ పెట్టుకోవద్దు, భయంతో అనుంటుంది.

వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఇప్పుడే ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగి శనివారం నైట్ మార్పించుకో, బాగా నిద్రపోయి లే. ఏమీ అనిపించకపోయినా వెళ్ళు. యోగ్యత చాలదని వెనక బెంచీలో ఉండిపోవద్దు. రొట్టె నీ చేతికి వచ్చినప్పుడు తీసుకుని తిను. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

నీ కోసం ప్రతి రాత్రి ప్రార్థించే,
మీ పెద్దమ్మ